ధ్రువుడు కనిపించని దీవిలో గంగమ్మ

వివాహ సంస్కారంలో సప్తపది ముగిసి, చీకటి పడిన తరువాత నూతన దంపతులను ఆరుబయటికి తీసుకువచ్చి ధ్రువనక్షత్రాన్నీ, అరుంధతినీ చూపించడం మన సంప్రదాయం. ధ్రువుడు చలించనివాడు. గృహస్థధర్మంలో దంపతులు అంతటి నిలకడ కలిగి ఉండాలని దాని భావం. నలభై సంవత్సరాలకు పైగా ఎన్నో జంటలకు ఈ దర్శనం చేయించాను. చేయి దానంతట అదే ఉత్తరదిక్కుకు లేచేది. కాని కొన్నేళ్ళ క్రితం ఒక వైశాఖమాసపు రాత్రి, మారిషస్ ద్వీపంలో ఒక తెలుగువారి ఇంటి ముంగిట లేచిన నా చేయి గాలిలోనే ఆగిపోయింది. ఉత్తరాన, చెరకుతోట అంచుకు కొద్ది ఎత్తులో సప్తర్షిమండలం వాలి ఉన్నది. వసిష్ఠుని పక్కనే అరుంధతి మిణుకుమంటున్నది. ధ్రువుడు మాత్రం లేడు. భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఆ దీవికి ధ్రువుడు ఎల్లవేళలా క్షితిజరేఖకు దిగువనే ఉంటాడు.

నా తటపటాయింపు చూసి ఆ ఇంటి పెద్దాయన చిరునవ్వు నవ్వాడు. "పంతులుగారూ, ధ్రువుడు మాకు కనిపించడండి. మా తాతలు ఉత్తరం వైపు వేలు చూపించి, అటు మన దేశం ఉంది, దణ్ణం పెట్టుకోండి అనేవారు" అని తనకు వచ్చిన తెలుగులో మెల్లగా చెప్పాడు. వధూవరులు ఉత్తరముఖంగా నమస్కరించారు. శాస్త్రం చెప్పిన స్థిరత్వం నక్షత్రంలో ఉన్నదా, నమస్కరించే చేతుల్లో ఉన్నదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దీవి కథను, దానితో ముడిపడిన నా అపరాధాన్ని ఒకదానిని పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

అగ్నిగర్భం నుంచి పుట్టిన దీవి

పురాణాలు భూమండలాన్ని సప్తద్వీపాలుగా వర్ణించాయి. మారిషస్‌ను వాటిలో వెదకనవసరం లేదు. అది హిందూ మహాసముద్రంలో మడగాస్కర్ దీవికి తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంటరి దీవి. దాదాపు 80 లక్షల సంవత్సరాల నాడు సముద్రగర్భంలో అగ్నిపర్వతాలు బద్దలై, లావా పేరుకొని ఏర్పడినది. ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. పొడవు 65, వెడల్పు 45 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికి దీవి ఈ కొస నుంచి ఆ కొసకు చేరి, భోజనం చేసి తిరిగి రావచ్చు. తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవి, ఉత్తరాన అగలేగా, ఈశాన్యాన సెయింట్ బ్రాండన్ దిబ్బలు కూడా ఈ దేశానికే చెందుతాయి. రాజధాని పోర్ట్ లూయీ వాయవ్య తీరంలో, కొండల నడుమ ఉన్నది.

దీవి మధ్యభాగం చల్లని పీఠభూమి. దాని చుట్టూ నల్లరాతి కొండలు పాత కోటగోడల్లా విరిగి నిలబడి ఉంటాయి. వాటిలో అత్యున్నతమైనది 828 మీటర్ల శిఖరం. పీటర్ బోత్ అనే మరో కొండ కొనమీద మనిషి తలవంటి పెద్ద బండ ఒకటి నిలిచి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడుతుందన్నట్లు ఉంటుంది. షమారెల్ అనేచోట నేల ఎరుపు, గోధుమ, ఊదా మొదలైన ఏడు రంగుల పొరలుగా కనిపిస్తుంది. తీరం చుట్టూ చాలామేర పగడపు దిబ్బలు ప్రాకారంలా అమరి ఉన్నాయి. మహాసముద్రపు కెరటాలు ఆ ప్రాకారం దగ్గరే విరిగిపోయి, లోపలి నీరు కోనేటి నీటిలా నిశ్చలంగా ఉంటుంది. అయితే మార్గశిరం నుంచి చైత్రం దాకా తుపానుల భయం తప్పదు. 1892 ఏప్రిల్‌లో వచ్చిన తుపానులో వెయ్యి మందికి పైగా మరణించారు. 1960లో వచ్చిన కెరోల్ తుపాను వేలాది పూరిళ్ళను, రేకుల ఇళ్ళను నేలమట్టం చేసింది. అటు తరువాతనే కాంక్రీటు ఇళ్ళు ఆ దేశమంతటా వ్యాపించాయి.

పంచాంగం చూసే మావంటివారికి ఆ దీవి ఒక పరీక్ష. మన ఉత్తరాయణంలో అక్కడ పగళ్ళు తగ్గుతూ వస్తాయి. మకర సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. వసంతానికి స్వాగతం పలికే ఉగాదినాడు అక్కడ శరత్తు ప్రవేశిస్తూ ఉంటుంది. మామిడికి అది కాపుకాలం కాదు. సంవత్సరంలో అధికభాగం మధ్యాహ్న సూర్యుడు ఉత్తరంగా నడుస్తాడు. మనకు దక్షిణాన తక్కువ ఎత్తులో కనిపించే అగస్త్య నక్షత్రం అక్కడ ఆకాశంలో చాలా ఎత్తుకు వస్తుంది. గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది గనుక తిథి ఆరంభాంతాలను ఆ మేరకు సవరించుకోవాలి. ఇన్ని మారినా చంద్రుడు ఒక్కడే. పున్నమి పున్నమే, అమావాస్య అమావాస్యే. సముద్రాలు దాటిన మనవారు ఆ చంద్రుణ్ణి పట్టుకొనే పండుగలను నిలుపుకున్నారు.

దొరలు మారిన చరిత్ర

ఈ దీవికి ఆదివాసులు లేరు. మనుష్య సంచారం లేని అడవుల్లో ఎగరలేని డోడో పక్షులు, పెద్ద తాబేళ్ళు నిర్భయంగా తిరిగేవి. అరబ్బు నావికులకు ఈ దీవి జాడ తెలుసు. పదహారో శతాబ్దం ఆరంభంలో పోర్చుగీసువారు వచ్చి నీళ్ళు నింపుకొని వెళ్ళారే గాని స్థిరపడలేదు. 1598లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు దీవికి పెట్టారు. 1638లో నివాసం ఏర్పరచుకొని, మరుసటి ఏడు జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. నల్లచేవ చెట్లను నరికి ఓడలకెక్కించారు. వారి వేట వల్ల, వారి వెంట వచ్చిన ఎలుకలు, పందులు, కోతుల వల్ల ఆ శతాబ్దం ముగిసేలోగా డోడో జాతి భూమ్మీద లేకుండా పోయింది. భయమెరుగని ప్రాణిని నమ్మకద్రోహంతో తుడిచిపెట్టిన పాపం అది. 1710లో డచ్చివారు దీవిని వదిలి వెళ్ళిపోయారు.

1715లో ఫ్రెంచివారు ఆక్రమించి 'ఇల్ ద ఫ్రాన్స్' అని పేరు మార్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్డొనే పోర్ట్ లూయీని నౌకాశ్రయంగా తీర్చిదిద్దాడు. ఆ కట్టడాల కోసం పుదుచ్చేరి ప్రాంతం నుంచి మేస్త్రీలను, పనివాళ్ళను రప్పించాడు. మడగాస్కర్ నుంచి, ఆఫ్రికా తూర్పుతీరం నుంచి బానిసలను తెచ్చి చెరకుతోటల్లో పని చేయించారు. నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకువచ్చిన లె మోర్న్ అనే నిట్రాతి కొండ మీద, పారిపోయిన బానిసలు తలదాచుకునేవారు. విముక్తి వార్త చెప్పడానికి వస్తున్నవారిని చూసి, పట్టుకుపోవడానికే వస్తున్నారని భ్రమించి వారు కొండమీది నుంచి దూకి ప్రాణాలు విడిచారని అక్కడి జనం నేటికీ కంటతడితో చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1810 డిసెంబరులో దీవి ఆంగ్లేయుల వశమయింది. 1814 పారిస్ సంధి దానిని ధ్రువీకరించింది. పాత పేరు మారిషస్ తిరిగి వచ్చింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు 60 వేలకు పైగా బానిసలు విముక్తులయ్యారు. చిత్రమేమంటే నష్టపరిహారం ముట్టినది చెర అనుభవించినవారికి కాదు, చెరపెట్టిన యజమానులకు. చెరకు నరకడానికి మనుషులు కావాలి. దొరల చూపు భారతదేశం మీద పడింది.

బంగారులేడి వెంట

1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయీలో దించింది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, కట్టుకోవడానికి బట్టలు. ఇదీ షరతు. ఆనాడు మొదలైన ప్రవాహం 20వ శతాబ్దం ఆరంభం వరకు సాగింది. దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. బీహారు, సంయుక్త పరగణాల నుంచి భోజ్‌పురివారు అధికం. తమిళులు, తెలుగువారు, మరాఠీవారు తరువాత. కొందరు ఆ రేవు నుంచే మరింత దూరపు దీవులకు, దేశాలకు తరలిపోయారు.

కూలీలను కుదిర్చే దళారులు, ఆ దేశంలో రాయి ఎత్తితే బంగారం దొరుకుతుందని ఆశపెట్టేవారట. మారిస్ అన్న పేరు మన పల్లెటూరి చెవికి 'మారీచ దేశం' అని వినిపించింది. విశ్వామిత్రుని యాగాన్ని కాచిన శ్రీరాముని బాణం మారీచుణ్ణి నూరు యోజనాల అవతల సముద్రంలో పడవేసిందని రామాయణం చెబుతున్నది కదా! ఆ దీవే ఇది అనుకున్నారు. దీవి పేరు డచ్చి రాకుమారునిదే గాని మారీచునిది కాదన్నది నిజం. కాని ఆ పొరపాటులోనూ ఒక సత్యం ఉన్నది. మారీచుడు బంగారులేడిగా వచ్చినవాడు. దళారి చూపించినది ఆ లేడినే.

దిగిన తరువాత కనిపించినది నల్లరాయి. పొలం నిండా పరుచుకొని ఉన్న అగ్నిపర్వత శిలలను వట్టి చేతులతో ఏరి కుప్పలు పోస్తేగాని చెరకు నాటడానికి నేల దొరకలేదు. ఆ రాతికుప్పలు నేటికీ పచ్చని తోటల నడుమ చిన్న గోపురాల్లా నిలిచి ఉన్నాయి. ఎవరి చేతుల నెత్తురు ఏ రాతికి అంటినదో చెప్పే శాసనం ఒక్కటీ లేదు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. చీటీ లేకుండా తోట దాటితే దిమ్మరివాడని చెరసాలలో పెట్టేవారు. 1866 నుంచి 1868 వరకు చెలరేగిన మలేరియా వేల ప్రాణాలను బలిగొన్నది. ఈ కష్టాల మీద వెళ్ళిన అర్జీల ఫలితంగా 1872లో ఇంగ్లండు నుంచి విచారణ సంఘం వచ్చి, కూలీల మొర నిజమేనని తేల్చింది.

వారు దిగిన రేవులో పదహారు రాతిమెట్లు ఉన్నాయి. 1849 నుంచి వచ్చిన ప్రతి కూలీ ఆ మెట్లెక్కి వలసల కార్యాలయంలో పేరు రాయించుకోవలసిందే. ఒకనాడు 'కూలీ ఘాట్' అని పిలిచిన ఆ స్థలం నేడు 'ఆప్రవాసీ ఘాట్'. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మనకు షోడశ సంస్కారాలు ఉన్నాయి. ఆ పదహారు మెట్లు వారికి పదిహేడవ సంస్కారమై, మరో జన్మ ఇచ్చాయి. ఓడలో పక్కపక్కన కూర్చున్న పరిచయమే అక్కడ బంధుత్వమయింది. ఓడలో తోడు వచ్చినవాణ్ణి 'జహాజీ భాయి' అని సోదరునిగా పిలుచుకున్నారు.

కోరంగివారు

మన తెలుగువారిని ఆ దీవిలో తొలినాళ్ళలో 'కోరంగివాళ్ళు' అని పిలిచేవారు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దిగువన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన మహారేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని ముంచెత్తింది. అంతకు ముందు నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. కరువు, ఉప్పెన, శిస్తుల భారం: ఈ మూడింటి నడుమ నలిగిన కాలంలో తెలుగుతీరం నుంచి జనం ఓడలెక్కారు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం మండలాలవారు అందులో ఎక్కువ. అందుకే నేటికీ మారిషస్ తెలుగువారి కులదైవం సింహాద్రి అప్పన్న. సంవత్సరానికొకసారి అప్పన్న పూజ చేసి నామాలు ధరించి గోవింద నామం పలుకుతారు. 'అమ్మోరు పండుగ'కు గ్రామదేవతకు మొక్కులు చెల్లిస్తారు.

వీటన్నిటికంటే నన్ను కదిలించినది రామభజన. నిలువెత్తు దీపస్తంభాన్ని నడుమ నిలిపి, వత్తులు వెలిగించి, దాని చుట్టూ వలయంగా తిరుగుతూ, అడుగులు వేస్తూ రాత్రంతా రామనామం పాడుతారు. పగలంతా చెరకు నరికిన తాతలు రాత్రివేళ గుడిసెల నడుమ ఇలాగే పాడుకొని, పిల్లలకు నోటితోనే తెలుగు నేర్పారు. ఇప్పుడు ఇళ్ళలో మాట్లాడే భాష అధికంగా క్రియోల్. అయినా భజనలో మాట తప్పదు. తెలుగు లిపి రానివారు ఆంగ్లాక్షరాల్లో రాసుకొని పాడటం చూశాను. ఉచ్చారణలో ఒకటి రెండు అక్షరాలు జారవచ్చు. మన ఇళ్ళలో తెలుగు లిపి వచ్చి, భజన రాని పిల్లలను తలచుకున్నప్పుడు ఎవరు ఎవరికి నేర్పాలన్న సందేహం నాకు కలిగింది.

ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. మహాశివరాత్రి, తమిళుల కావడి పండుగ, వినాయక చవితి, దీపావళి, రంజాన్, చైనావారి నూతన సంవత్సరం, క్రిస్మస్ కూడా అంతే. పాఠశాలల్లో తెలుగు నేర్చుకునే వీలున్నది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉన్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి.

గోత్రం లేని మనిషి

ఇక నా అపరాధం. ఆ మహాసభలు జరిగిన కొద్ది సంవత్సరాలకు, ఒక అమావాస్యనాడు, మా దేవాలయానికి మారిషస్ నుంచి ఒక వ్యక్తి వచ్చాడు. యాభై ఏళ్ళవాడు. చేతిలో ఒక కాగితం. మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస రిజిస్టరు నుంచి తీయించుకున్న నకలు అది. ఆయన ముత్తాత పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, కులం, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ, అన్నీ ఉన్నాయి. తెలుగు రాని గుమాస్తా విన్నట్లు రాసిన ఆ ఊరిపేరు ఎవరికీ పోల్చుకోరానిది. మూడు రోజులు తిరిగాడట, ఊరు దొరకలేదు. "ఈ మట్టిమీద ఒక్కసారి ఆయన పేరుతో నీళ్ళు వదిలించండి, చాలు" అన్నాడు.

గోత్రం ఏమిటని అడిగాను. ఆయన తల వంచుకొని, "గోత్రం తెలియదండీ. నంబరు తెలుసు" అన్నాడు.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు దాటాయి. చదువుకున్నానన్న అహం వదలని వయస్సు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో లెక్కించిందన్న మాట మనస్సులో మెదిలింది. గోత్రం కనుక్కొని రండి, అప్పుడు చూద్దామన్నాను. ఆయన వాదించలేదు. కాగితం మడిచి, గర్భాలయం వైపు తిరిగి దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ వీపు నాకు ఇంకా కనిపిస్తూనే ఉన్నది.

కొంతకాలానికి ఒక వృద్ధ ఘనపాఠిగారి వద్ద మాటల సందర్భంలో ఈ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పుకొమ్మన్న మాట నీకు తెలియదా?" అన్నారు. తెలుసు. "పుత్రులు లేనివారికి, బంధువులు లేనివారికి, గోత్రం లేనివారికి కూడా తర్పణం చివర నీళ్ళు వదులుతావు గదా. రోజూ ఎవరికోసం వదులుతున్నావు?" అన్నారు. నాకు సమాధానం లేదు. "ఋగ్వేదంలో భుజ్యుని కథ చదివినవాడివి. నట్టసముద్రంలో, పట్టుకోవడానికి ఆధారమేదీ లేనిచోట మునిగిపోతున్న భుజ్యుణ్ణి అశ్వినీదేవతలు నూరు తెడ్ల నావలో ఒడ్డుకు చేర్చారు. సముద్రం దాటావేమని అడగలేదు" అన్నారు. సముద్రయానం కూడదన్న సూత్రం భోగానికో లాభానికో వెళ్ళినవారి గురించి కావచ్చు. ఆకలి తరిమితే వెళ్ళినవారికి ఆ సూత్రం చూపించడం శాస్త్రం కాదు, శాస్త్రాన్ని అడ్డుపెట్టుకోవడం.

ఆ మనిషి చిరునామా నేను తీసుకోలేదు. పేరు కూడా గుర్తు లేదు.

కొండమీది గంగ

అందుకే ఆ దీవిలోని తెలుగు భక్తులు శివరాత్రి మొదలు వైశాఖం వరకు ఉండి పూజలు జరిపించమని ఆహ్వానించినప్పుడు మరోమాట ఆలోచించకుండా అంగీకరించాను.

దీవి దక్షిణభాగంలో, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, చల్లారిన అగ్నిపర్వత బిలంలో నిండిన సరస్సు ఒకటి ఉన్నది. ఫ్రెంచివారు దానిని 'గ్రాండ్ బాసిన్' అన్నారు; మనవారు మొదట 'పరీ తలావ్' అన్నారు. 1897లో ట్రియోలే గ్రామానికి చెందిన ఝుమ్మన్ గిరి అనే పూజారికి, ఆ సరస్సు జలం జాహ్నవి నుంచి పుట్టినట్లు స్వప్నం వచ్చింది. మరుసటి సంవత్సరం శివరాత్రికి కొందరు భక్తులు అడవిదారిన నడిచి వెళ్ళి ఆ నీరు తెచ్చి శివునికి అభిషేకించారు. 1972లో భారతదేశం నుంచి గంగాజలం తీసుకువెళ్ళి ఆ సరస్సులో కలిపారు. నాటి నుంచి అది 'గంగా తలావ్'. గంగను శిరస్సున ధరించి శివపార్వతులు ఆకాశమార్గాన వెళుతూ, సముద్రం నడుమ ముత్యంలా ఉన్న ఈ దీవిని చూడ దిగినప్పుడు కొన్ని చుక్కలు ఒలికాయని అక్కడివారి గాథ.

శివరాత్రికి ముందు దీవిలోని రహదారులన్నీ తెల్లబట్టల యాత్రికులతో నిండిపోతాయి. వెదురుతో అల్లి, పూలు, అద్దాలు పొదిగిన కావళ్ళు మోస్తూ, కొందరు రెండుమూడు రోజులపాటు నడిచి లక్షలాదిగా సరస్సుకు చేరుతారు. దారి పొడవునా మంచినీళ్ళు, పండ్లరసాలు, ఫలహారాలు అందించే పందిళ్ళు. వాటి వద్ద నిలబడి సేవచేసేవారిలో అన్యమతస్థులనూ చూశాను. సరస్సు చేరువలో 33 మీటర్ల మంగళ మహాదేవ విగ్రహం 2007 నుంచి త్రిశూలధారియై నిలిచి ఉన్నది. అంతే ఎత్తున దుర్గామాత విగ్రహమూ వెలసింది. కొండల మీది నుంచి పొగమంచు దిగివచ్చినప్పుడు ముందుగా త్రిశూలం, తరువాత జటాజూటం, చివరికి పాదాలు మబ్బులో కలిసిపోతాయి.

శివరాత్రి మరునాడు మాఘ అమావాస్య. జనం పలచబడ్డాక, తెల్లవారుజామున సరస్సు మెట్లు దిగి సంకల్పం చెప్పడానికి కూర్చున్నాను. ఇక్కడ మరో చిక్కు. మనం నిత్యం చెప్పే సంకల్పంలో జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిగ్భాగం, శ్రీశైలానికి ఏ మూల ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో వస్తాయి. సంకల్పంలో అబద్ధం చెప్పకూడదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకొని, "మహాసముద్ర మధ్యే, మారిషస్ ద్వీపే, గంగా తటాక సమీపే" అని పలికాను. తరువాత కాశ్యప గోత్రం చెప్పి, నేను వెనక్కి పంపిన ఆ మనిషి ముత్తాతకు, ఆ పదహారు మెట్లెక్కిన వారందరికీ, ఓడల్లో చనిపోయి సముద్రంలో విడువబడినవారికీ, లె మోర్న్ కొండమీది వారికీ, పేరు తెలియని ప్రతి ఒక్కరికీ తిలోదకాలు వదిలాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చేతులు వణికినది చలికేనని చెప్పలేను.

నంబరు నుంచి పేరుకు

ఈ కథకు మంచి మలుపూ ఉన్నది. 1901లో దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తూ గాంధీజీ ఆ దీవిలో కొద్ది వారాలు ఆగి, పిల్లలకు చదువు చెప్పించండి, ప్రజాజీవితంలో పాల్గొనండి అని కూలీలకు హితవు చెప్పారు. 1907లో మణిలాల్ డాక్టర్ అనే న్యాయవాది వెళ్ళి వారి పక్షాన కోర్టుల్లో నిలబడ్డారు. కూలీల బిడ్డలు ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు అయ్యారు. 1968 మార్చి 12న, దండియాత్ర ఆరంభమైన తేదీనాడే, దేశం స్వతంత్రమయింది. కూలీ కుటుంబంలో పుట్టి వైద్యుడైన శివసాగర్ రామ్‌గులాం తొలి ప్రధాని. 1992లో అదే తేదీన గణతంత్రమయింది. చెరకు ఒక్కటే ఆధారమైన దేశం క్రమంగా బట్టల మిల్లులు, పర్యాటకం, ఆర్థిక సేవలు పెంపొందించుకున్నది.

2020 జూలైలో ఒక సరుకు ఓడ ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బలకు తగిలి, తరువాతి నెలలో చమురు సముద్రంలోకి కారింది. అప్పుడు దీవి జనమంతా తీరానికి చేరి, ఎండిన చెరకాకును గుడ్డసంచుల్లో కూరి, పొడవాటి కట్టలుగా కుట్టి, చమురును అడ్డుకున్నారు. పూర్వులను బంధించిన చెరకుతోనే మనుమలు తమ సముద్రాన్ని కాపాడుకున్నారు. ఇంతకంటే పితృఋణం తీర్చుకోవడం ఏముంటుంది!

పాఠకులకు నాదొక విన్నపం. కోస్తా గ్రామాల్లో, మీ ఇంటి పెద్దల మాటల్లో, దీవులకు వెళ్ళి తిరిగిరాని వారి పేరు ఏదైనా మిగిలి ఉంటే రాసి ఉంచండి. ఎప్పుడైనా ఒక అపరిచితుడు మడత కాగితంతో, తడబడే తెలుగుతో మీ ఊరి గుడిముందు నిలబడితే గోత్రం అడగకండి, కాళ్ళకు నీళ్ళివ్వండి. ఊరిపేరు పోల్చుకోవడానికి సాయపడండి. పురోహిత సోదరులారా, కాశ్యప గోత్రం మన చేతిలోనే ఉన్నది.

ఈనాటికీ వివాహాలలో ధ్రువదర్శనం చేయిస్తూనే ఉన్నాను. నూతన దంపతులు ఉత్తరం వైపు చూస్తుంటే, ఒక్క క్షణం నేను వెనుదిరిగి నైరుతి వైపు నమస్కరిస్తాను. అటువైపు, మహాసముద్రం నడుమ, మనవైపు తిరిగి నమస్కరించేవారు ఉన్నారు.

సర్వే జనాః సుఖినో భవంతు.